‘నరాల బలహీనత’ అని రాస్తే ఇలాజ్ అయిపోదు



మన ఇళ్లలో షుగర్ ఉన్నవాళ్ల రీడింగ్ ఎంతో అందరికీ నోటికొచ్చు. ఉద్దానంలో క్రియాటినిన్ ఎంతని అడగండి, అక్షరం రాని నానీ కూడా చెబుతుంది. అదే ఇంట్లో ఒకరు వారాల తరబడి మంచం దిగకుండా, అన్నం మానేసి, ‘నా గునాహ్ మాఫీ కాదు, చావమని ఆవాజ్ వినిపిస్తోంది’ అంటుంటే, ఆ మరీజ్ ఫైలులో ఏముంటుంది? ‘నరాల బలహీనత’. లేదా ‘డిప్రెషన్’ అని ఒక్క ముక్క. కొన్నిసార్లు అదీ ఉండదు, గోళీల పేర్లే ఉంటాయి. పలాస, టెక్కలి వైపు నేను చూసిన కాగజ్‌లు ఎక్కువగా ఇలాంటివే. దీన్ని లాపర్వాహీ అని వదిలేయలేను. ఇది మరీజ్ మీద జుల్మ్.

ఈ బీమారీకి పేరుంది, నంబరుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10 పట్టికలో ఎఫ్ 33.3. ఎఫ్ 33 అంటే మళ్లీ మళ్లీ వచ్చే డిప్రెషన్. చుక్క తర్వాతి 3 అంటే ఈసారి వచ్చింది తీవ్రమైనది, పైగా సైకోసిస్ కూడా ఉందని. లేని ఆవాజ్ వినపడటం, చేయని గునాహ్ చేశానని నమ్మడం, ఖాందాన్ మొత్తం తన వల్లే బర్బాద్ అయిందనుకోవడం ఇందులోకి వస్తాయి. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ఐసీడీ-11లో దీని నంబరు 6ఏ71.4.

‘నంబరు రాస్తే షిఫా వస్తుందా భాయ్?’ అంటారు. రాదు. కానీ నంబరు తప్పితే ఇలాజ్ తప్పుతుంది. ఒట్టి డిప్రెషన్ అని రాస్తే తర్వాతి డాక్టరు డిప్రెషన్ గోళీతో సరిపెడతాడు. ఈ జబ్బుకి చాలాసార్లు దానితోపాటు సైకోసిస్ మందు కూడా కావాలి, లేదా మనవాళ్లు కరెంటు ట్రీట్‌మెంట్ అని భయపడే ఈసీటీ కావాలి. ఎఫ్ 32.3 అని రాస్తే మొదటిసారి వచ్చినట్టు లెక్క, కోలుకున్న కొన్నాళ్లకే మందు ఆపేస్తారు. తిరగబెట్టే జబ్బుకి మందు చాలా కాలం సాగాలి. ఆవాజ్‌లు ఉన్నాయని మాత్రమే చూసి ఎఫ్ 20, అంటే స్కిజోఫ్రీనియా అని రాస్తే, అసలు ఉదాసీకి మందే అందదు.

ఉద్దానంలో ఇంకో ఖతరా ఉంది. కిడ్నీలు పాడైనా నిద్ర పోతుంది, ఆకలి పోతుంది, ఒంట్లో తాకత్ పోతుంది. రక్తంలో మలినాలు బాగా పెరిగితే మనిషి తికమకపడి లేనివి చూస్తాడు కూడా. అది కిడ్నీ వల్లా, డిప్రెషన్ వల్లా, రెండూనా అన్నది ఎవరో ఒకరు తేల్చి రాయాలి. డిప్రెషన్ మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు కొందరికి లిథియం ఇస్తారు. అది శరీరం నుంచి బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. క్రియాటినిన్ పెరిగిన మనిషికి ఆ సంగతి తెలియకుండా లిథియం రాస్తే ఏమవుతుందో ఆలోచించండి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారు, మంచిదే. కానీ కిడ్నీ ఫైలు ఒక సంచీలో, దిమాగ్ ఫైలు ఇంకో సంచీలో ఉంటే రెండూ సగం నిజమే చెబుతాయి.

దూరం మరో ముసీబత్. విశాఖ మానసిక ఆస్పత్రి పలాసకి దాదాపు 200 కిలోమీటర్లు. కొందరు శ్రీకాకుళం పోతారు, కొందరు ఒడిశాలోని బరంపురం పోతారు. పనికోసం చెన్నై, హైదరాబాద్ వెళ్లినవాళ్లకు అక్కడే తిరగబెడుతుంది. ప్రతిచోటా కథ మొదటినుంచి చెప్పాలి. ‘మొదటిసారి ఫైలిన్ తుఫాను ఏడాది వచ్చింది, మళ్లీ తిత్లీ తర్వాత’ అని అమ్మీకి గుర్తుంటుంది. అంటే 2013, 2018. ఆ రెండు సంవత్సరాలు చీటీ మీద ఎక్కితేనే జబ్బు తిరగబెడుతోందని కొత్త డాక్టరుకు తెలుస్తుంది. తెలుగు, ఒడియా, తమిళం ఏ భాషవాడైనా చదివేది ఆ కోడ్ ఒక్కటే.

హఖ్ సంగతి కూడా చెప్పాలి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధినీ వైకల్యంగా గుర్తించింది. ఆ సర్టిఫికెట్ కోసం లెక్కగట్టేటప్పుడు జబ్బు ఎన్నేళ్లుగా ఉందో కూడా కలుపుతారు. కాగజ్ లేనివాడు ఆ సంవత్సరాలను ఎలా చూపిస్తాడు? 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మన రికార్డు మనం అడిగి తీసుకునే హక్కు ఇచ్చింది. శరీర వ్యాధులతో సమానంగా బీమా ఇవ్వాలని కూడా చెప్పింది.

ఇప్పుడు మనవాళ్లకి ఒక మాట. డాక్టరు రాయబోతే చేయి పట్టుకుని ‘రాయకండి సార్, చెల్లి రిష్తా ఉంది’ అనేది మనమే. ఇజ్జత్ కోసం కాగజ్ చించితే జబ్బు చిరిగిపోదు. గోప్యంగా ఉంచాలని అదే 2017 చట్టం చెబుతోంది, మీరు చెప్పకుండా మొహల్లాకి తెలియక్కర్లేదు. ‘ఈమాన్ కమ్జోర్, జిన్ అసర్’ అనేవాళ్లకి కూడా చెబుతున్నా. పదకొండు వందల ఏళ్ల కిందటే అబూ జైద్ అల్-బల్ఖీ అనే మన ఆలిమ్ కారణం ఉన్న హుజ్న్ వేరు, కారణం తెలియకుండా శరీరంలోంచి పుట్టే హుజ్న్ వేరు అని విడదీసి, ఒక్కోదానికి ఒక్కో ఇలాజ్ రాశాడు. దువా చేయండి, తప్పకుండా చేయండి. గోళీ మాత్రం ఆపకండి. అప్పు తీసుకుంటే రాసుకోవాలని సూరా బఖరాలో హుకుం ఉన్న ఉమ్మత్ మనది. జాన్ కన్నా అప్పు పెద్దదా?

‘రోజుకి వందమంది, టైం ఎక్కడిది’ అనే డాక్టరు సాబ్‌కి: మేం అడిగేది నాలుగు లైన్లు. జబ్బు పూర్తి పేరు, కోడ్. ఇది ఎన్నోసారి, ఎప్పుడెప్పుడు. ఆవాజ్‌లు, చావు ఆలోచనలు ఉన్నాయా, గతంలో అతి హుషారు ఎప్పుడైనా వచ్చిందా. వేసుకుంటున్న మందులు, తాజా క్రియాటినిన్.

చదివిన పిల్లలూ, ఈసారి అబ్బాతోనో ఖాలాతోనో ఆస్పత్రికి వెళ్తే ఈ నాలుగూ అడిగి రాయించుకోండి, ఫోన్లో ఫోటో తీసి దాచండి. చావు మాటలు వినిపిస్తే మాత్రం కాగజ్ కోసం ఆగకండి. మరీజ్‌ని ఒంటరిగా వదలకుండా దగ్గర్లోని ఆస్పత్రికి తీసుకెళ్లండి. టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళైనా చేయొచ్చు.