మల్లెతోట పక్కనే యూనిట్ పెట్టండి
పచ్చి మల్లెమొగ్గను ముక్కు దగ్గర పెట్టుకోండి, వాసన అంతంతమాత్రమే. పొద్దున కోసిన ఆ మొగ్గే సందెవేళ రేకులు విప్పుకుంటూ బెంజైల్ ఎసిటేట్, లినలూల్, ఇండోల్ లాంటి పరిమళ రసాయనాలను గాలిలోకి వదులుతుంది. కొమ్మనుంచి తెంచినా ఆ పని ఆగదు. ఇండోల్ చిక్కగా ఉంటే ముక్కు మూసుకోవాల్సిందే. లేశమంత కలిస్తేనే మల్లెకు ఆ మత్తు, అది లేని మల్లె సెంటు స్ప్రేకు ప్రాణం రాదు. ఈ సున్నితమైన పరిమళం ఆవిరి వేడికి చెడిపోతుంది. హెక్సేన్ లాంటి ద్రావణితో తీయాలి, అదీ పూలు వడలకముందే. అంటే ఎక్కడో నగరంలో ఫ్యాక్టరీ ఉంటే లాభం లేదు. మొగ్గలు ముమ్మరంగా దిగి ధర పడిపోయే వేసవిలో రైతు నిలదొక్కుకోవాలంటే మైలవరం లాంటి మల్లె సీమల్లో, తోటల పక్కనే, పరిమళం తీసే యూనిట్లు ఉండాలి. ప్రభుత్వం ఆ బాధ్యత తీసుకోవాలి.