రెండు మార్కాపూర్‌లు

పైథాన్‌లో తెలుగు పనికిరాదని మా ఆఫీసులో ఓ మిత్రుడు తేల్చిపారేశాడు. డిక్షనరీకి తెలుగు కీలు పెడితే సగం దొరకవట! నాకు ఒళ్ళు మండింది. ఎందుకంటే అదే దెబ్బ నేనూ తిన్నాను, తప్పు తెలుగుది కాదు.

మాది కొనకనమిట్ల. అక్కడ మా బాబాయికి ఎరువుల కొట్టుంది. అరువు పద్దుల కోసం చిన్న ప్రోగ్రాం రాసిచ్చా, రైతు పేరే కీ. ఓ రైతు (పేరు చివర పొల్లు నకారం) బాకీ మొత్తం కట్టినా, నా ప్రోగ్రాం కట్టలేదనే చూపించింది. పాపం, పదిమందిలో మాట పడ్డాడు. "ఏందిరా అబ్బాయ్, నీ కంప్యూటర్ కంటే నా ఎర్రపుస్తకమే నయం గదా" అన్నాడు బాబాయ్.

తీరా చూస్తే ఆయన పేరున రెండు ఖాతాలు. ఒకదాని చివర కంటికి కనపడని జీరో విడ్త్ నాన్ జాయినర్! కొన్ని కీబోర్డులు పొల్లు తర్వాత దాన్ని పెడతాయి, కొన్ని పెట్టవు. 'మార్కాపూర్' పొడవు అడిగితే 10 వస్తుంది, అది అంటుకుని ఉంటే 11. స్ట్రిప్ చేసినా పోదు.

"1, 1.0, ట్రూ మూడూ ఒకే కీ అనే పైథాన్‌కి ఇక్కడెందుకింత పట్టింపు?" అంటారు. రూలు ఒకటేనండీ: హాష్ కలవాలి, == కలవాలి. అంకెల్లో విలువ చూస్తుంది, స్ట్రింగుల్లో కోడ్‌పాయింట్లు ఒక్కొక్కటే చూస్తుంది. 'పై'ని ప, ఐత్వం అని రెండుగా రాయొచ్చు. ప, ఎత్వం, కింద గుర్తు అని మూడుగానూ రాయొచ్చు. రెండూ సమానమేనని యూనికోడే చెప్తుంది. వేరియబుల్ పేర్లయితే పైథాన్ తనే కలిపేస్తుంది, స్ట్రింగుల జోలికి రాదు. రాకపోవడమే మంచిది. నాకు చెప్పకుండా పాస్‌వర్డో ఫైలు పేరో మార్చేస్తే కొంప మునగదూ?

ఫ్రెంచి వాళ్ళ 'కఫే'లో చివరి అక్షరానికీ ఇలాగే రెండు రూపాలున్నాయి. ఫ్రెంచి పనికిరాదని ఎవరన్నా అన్నారా?

కీ లోపలికెళ్ళే ముందు ఎన్ఎఫ్‌సీ చెయ్యండి, 'పై' గొడవ తీరుతుంది. జాయినర్ గాడు దానికీ లొంగడు, విడిగా తీసెయ్యాలి. అదీ కీలో మాత్రమే. చూపించే పేరులో తీసేస్తే 'సాఫ్ట్‌వేర్'లో వకారం ఒత్తైపోతుంది.

అసలు మనిషి పేరుని కీగా పెట్టడమే నా బుద్ధితక్కువ. ఒకే పేరున్న రైతులు ఇద్దరుంటే? ఇప్పుడు అందరికీ ఖాతా నంబర్లిచ్చాను. ఆయన మాత్రం రసీదు చేతిలో పడందే కొట్టు మెట్లు దిగట్లేదు.