ఇంటి ముచ్చటలు: విప్పుటయు నొక విద్యయే

గత వేసవిలో మా మరదలి పురుటికై నేను ఇంగ్లండునకు బోయి మూడు నెలలుంటిని. ఆమెకు తల్లి లేదు. మావారి బడికి సెలవులగుటచే పిల్లల భారము వారు వహించిరి. కాయపు సామగ్రియు శొంఠిపొడియు పెట్టెలో సర్దుకొని పోయిన నాకు, అచ్చట బాలింత సేవతోపాటు ఒక మోటారుకారును నిలువున విప్పుట చూచు యోగము గూడ పట్టినది. ఆ సంగతియే ఈ నెల ముచ్చట.

మా తమ్ముడు ‘కిట్టుకారు’ కట్టుకొన సంకల్పించెను. కర్మాగారమువారు ఇనుప గొట్టముల చట్రమును పై రేకులను మాత్రమే అమ్ముదురు. ఇంజను, గేరుపెట్టె, స్టీరింగు మొదలగునవి ఒక పాతకారునుండి విప్పి, కొన్నవాడే తన యింట కూర్చుకొనవలెను. అట్లు తన యవయవములనిచ్చి రూపుమాయు కారును ‘డోనరు కారు’, అనగా దాత కారు, అందురు. ఆ మాట వినగానే వజ్రాయుధమునకై వెన్నెముక నిచ్చిన దధీచి మహర్షి నాకు జ్ఞప్తికి వచ్చెను.

ఈ వేడుక ఆ దేశమున క్రొత్తది గాదు. 1948లో కోలిన్ చాప్‌మన్ అను యువకుడు ఒక పాత ఆస్టిన్ సెవెన్‌ను మార్చి పోటీకారు చేసికొనెను. లోటస్ కార్ల కదియే మొదలు. 1957లో లోటస్ సెవెన్ వెలువడినది. కట్టి సిద్ధము చేసిన కారుపై నాడు కొనుగోలు పన్ను హెచ్చు. విడిభాగములుగా కొని యింట కూర్చుకొన్నచో ఆ పన్ను లేదు. 1973లో ఆ పన్ను పోయి వ్యాట్ వచ్చినను వేడుక పోలేదు. ఆ యేడే సెవెన్ హక్కులు కేటర్‌హామ్ వారికి చేరినవి. 1996లో రాన్ చాంపియన్ అను నతడు 250 పౌనులకే స్పోర్ట్సుకారు కట్టుకొనవచ్చునని గ్రంథము వ్రాసెను. అందు దాత ఫోర్డ్ ఎస్కార్టు. 1989లో వెలువడిన మాజ్దా ఎం.ఎక్స్.-5 కూడ ఇప్పుడీ పనికి ప్రీతిపాత్రమైనది. అది తేలికబండి, ఇంజను ముందు, దాని శక్తి వెనుక చక్రములకు. సెవెన్ వంటి కార్ల కూర్పును అదియే.

ఆ యింటనున్న కారును ఆ తరగతిదే. కాని అది మా తమ్మునిది గాదు, మరదలిది. పెండ్లికి పూర్వము తన మొదటి జీతములు కూడబెట్టి కొనుక్కొన్నది. శీతకాలమున మంచు కరగుటకై అచ్చటి రోడ్లపై ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పు తగిలి అడుగు రేకులు తుప్పు తినినవి. ఏటేటి పరీక్షలో బండి తప్పినది. అతుకు వేయించు ఖర్చు బండి వెలను మించెను. తమ్ముడు, “ఇక దీనిని విప్పుదము” అనెను. ఆమె యేమియు ననలేదు. మౌనము అర్ధాంగీకారమందురు, మిగిలిన యర్ధమును విచారించువారెవ్వరు?

మొదటి వారము అతని యుత్సాహము చెప్పనలవి కాదు. వచ్చిన బోల్టు నెల్ల ఒకే రంగుడబ్బాలో వైచెను. ముడి విడని తీగెలను కత్తెరతో తెగగోసెను. ఎనిమిదవనాడు ఏ బోల్టు ఎచ్చటిదో తెలియక డబ్బా ముందర చతికిలబడి, “అక్కా, ఇది నా వలన గాదేమో” అనెను.

నాకు మోటారుల సంగతి తెలియదు గాని, మా తాతగారి మండువా లోగిలి విప్పుట చిన్ననాట చూచితిని. వడ్రంగి ప్రతి దూలమునకును వాసమునకును సున్నముతో గుర్తు వేసిన పిదపనే క్రిందికి దింపెను. “గుర్తులేనిది కలప గాదు, కట్టెలు” అనుచుండెడివాడు. ఆ మాటయే తమ్మునికి చెప్పితిని.

గుమ్మమున నిలిచి వినుచున్న మరదలు, “చీటీలు నా కడ నున్నవి, వదినా” అనెను. ఆమెది లెక్కల యుద్యోగము. నేను, “అమ్మా, ఈ బండి విప్పుట నీకు సమ్మతమేనా?” అని యడిగితిని. ఆమె కన్నుల నీరు నిండెను. “తుప్పు పట్టినదే, కాదనను. కాని నన్నెవ్వరును అడుగలేదు వదినా. ఒకనాడు పని నుండి వచ్చునప్పటికి తలుపులూడి యున్నది” అనెను.

దధీచిని సైతము దేవతలు ముందుగా యాచించిరి గదా! తమ్ముడు స్పానరు క్రింద నుంచి, ఆలస్యముగనైనను అడిగెను. ఆమె రెండు నియమములు పెట్టెను: క్రొత్త కారు కాగితములు తన పేర నుండవలెను, ఇకమీద ప్రతి మేకును తన పుస్తకమున కెక్కవలెను.

అటుపిమ్మట పని నడచిన తీరు వేరు. విప్పక మునుపు ప్రతి భాగమునకును ఛాయాచిత్రము తీసిరి. ఒక్కొక్క చోటి బోల్టులు ఒక్కొక్క సంచిలో, పైన చీటీ. వీలైనచోట బోల్టును దాని రంధ్రముననే తిరిగి చేత బిగించిరి. తీగెల జడను కోయక, ప్రతి కొసకును పేరు కట్టి మొత్తముగా దీసిరి. కరడుగట్టిన బోల్టుకు నూనె పోసి రాత్రంతయు విడిచి, మరునాడు కొంచెము బిగించి ఆపై వదులు చేసిరి.

అపాయములును గలవు. మొదట బ్యాటరీ తీగెలు తీయవలెను, అందును ఋణపు కొస ముందుగా. పెట్రోలును ఆరుబయట, నిప్పు లేనిచోట తోడవలెను. జాకీ నమ్మి బండి క్రింద దూరరాదు. గట్టి ఊతకోళ్లు నిలుపవలెను. చక్రములకడ స్ప్రింగులు నొక్కబడి యుండును. తగిన సాధనము లేక విప్పిన విరుచుకొని మీదబడును. ఇంజనును చల్లార్చు నీటిలో గడ్డకట్టకుండుటకై కలుపు ద్రవము తియ్యగా నుండు విషము. పిల్లలున్న యింట దానిని తెరచిన పాత్రలో నిలువ నుంచరాదు.

బ్రేకుల అరుగుభాగములు, రబ్బరు గొట్టములు, బేరింగులు క్రొత్తవి కొనిరి. ప్రాణము నిలుపు చోట పొదుపు పనికిరాదు. అక్కరలేని ఆసనములు, తలుపులు, పైకప్పు అమ్మగా వచ్చిన ప్రతి పౌనును మరదలు జమ వ్రాసెను. పాత నమోదు పత్రమును రసీదులను ఆమెయే భద్రపరచినది. క్రొత్త కారు నమోదునకు పోవునప్పుడు ఏ భాగమెచ్చటిదో చూపవలెనట. ఇట్లు కట్టిన కార్లకు 1998 నుండి ప్రత్యేక పరీక్ష గలదు. 2009లో దాని స్థానమున మరియొకటి, కఠినతరమైనది, వచ్చెను. మన దేశమున, నమోదైన వాహనమును తయారీదారు నిర్దేశించిన దానికి భిన్నముగా మార్చరాదని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది గావున, మన పిల్లలు దీని ననుకరింపబోరాదు.

మరదలికి ఆడుబిడ్డ పుట్టినది. నేను తిరిగి వచ్చునాటికి క్రొత్త చట్రమున ఇంజను కూర్చున్నది. అది యింకను పరీక్షకు పోలేదు.

సోదరీమణులారా, మన యిండ్లలో కార్లు విప్పకపోవచ్చును. కాని పాతనగ చెరిపించి క్రొత్తది చేయింతుము, పట్టుచీర అంచు విప్పి పరికిణీకి వేయుదుము, పాత యిల్లు దింపి మేడ కట్టుదుము. ఆ నగ కోడలిదై యుండవచ్చును, ఆ చీర అత్తగారిదై యుండవచ్చును. చెరిపించుటకు ముందు తూచి వ్రాసికొనుడు. అంతకు ముందు, అది యెవరిదో వారినొక్క మాట అడుగుడు. విప్పిన పిదప అడుగుట కంటె, విప్పక మునుపు అడుగుట సులభము.