విదేశములందు మన విద్యార్థులు - దయయా, హక్కా?

నిజాంసాగరు కాలువ క్రింది మాగాణి మా బాన్సువాడ ప్రాంతమునకు అన్నము పెట్టు తల్లి. 1923లో ఆరంభమై 1931లో ముగిసిన ఆ ఆనకట్ట మంజీర నీటిని మా పొలములకు మరల్చిన నాటినుండి, ఈ సీమలో ఎకరము భూమి గల కుటుంబము దానిని ప్రాణముతో సమానముగ చూచుకొనుచున్నది. అట్టి భూములే నేడు తాకట్టు దస్తావేజులకు ఎక్కుచున్నవి. కారణము కరవు కాదు, వరద కాదు, పెండ్లి కాదు. కుమారుని గాని కుమార్తెను గాని విదేశమునకు చదువునకై పంపుటయే కారణము. న్యాయవాదవృత్తిలో నుండుటచే ఇట్టి కాగితములు మా కంటబడుచుండును. "ఇంత అప్పు తీరుట యెట్లు?" అని అడిగినచో తండ్రులు చెప్పు సమాధానము ఒక్కటే: "చదువు అయినంక మూడేండ్లు పని చేసుకునే వీసా ఉంటదట, వకీలుసాబ్."

ఆ "ఉంటదట" అను మాటను పాఠకులు గమనింప గోరెదము. వినికిడి మాటను న్యాయస్థానము సాక్ష్యముగ గైకొనదు. కాని పిత్రార్జితమైన పొలము వినికిడి మాటపై తాకట్టు పడుచున్నది. ఆ గడువు నిచ్చువారెవరు? ఏ శాసనము ననుసరించి యిచ్చుచున్నారు? దానిని తీసివేయవలెనన్న ఎవరి అనుమతి కావలెను? ఈ మూడు ప్రశ్నలను వేసికొనిన పిమ్మట దస్తావేజుపై వ్రేలిముద్ర వేయువారు అరుదు. నేడు వాటినే విచారింప దలచితిమి.

మొదట అమెరికా సంగతి చూతము. అచ్చట చదువు ముగించిన విదేశీ విద్యార్థి తన విద్యకు సంబంధించిన పనిలో ఒక సంవత్సరము శిక్షణ పొందవచ్చును. దీనినే ఓపీటీ అందురు. విజ్ఞానశాస్త్రము, సాంకేతికము, ఇంజనీరింగు, గణితము చదివిన వారికి మరి 24 మాసములు పొడిగింపు కలదు. మూడేండ్ల మాట పుట్టినది ఇచ్చటనే. కాని ఈ గడువును ఆ దేశపు శాసనసభ ప్రత్యేక శాసనముచే కల్పింపలేదు. విదేశీ విద్యార్థులకు పనిలో శిక్షణ 1947 నుండి ప్రభుత్వశాఖ చేసిన నిబంధనల వలన నడచుచు వచ్చినది. ఓపీటీ యను రూపము 1992లో వచ్చినది. 2008లో 17 మాసముల పొడిగింపు చేరినది. ప్రజాభిప్రాయము తీసికొనకయే ఆ పొడిగింపు నిచ్చిరని 2015లో అచ్చటి న్యాయస్థానము దానిని కొట్టివేసెను. వేలకొలది విద్యార్థులు ఊపిరి బిగబట్టి యుండగా, 2016లో ప్రభుత్వము 24 మాసములుగా దానిని తిరిగి ఏర్పరచెను. అటుపై వేసిన మరియొక వ్యాజ్యములో 2022న అప్పీలు న్యాయస్థానము ఓపీటీని సమర్థించెను. 2023లో సుప్రీంకోర్టు దానిలో జోక్యము చేసికొనుటకు నిరాకరించెను.

విద్యార్థులు గెలిచిరి గదా యని సంతోషింపవచ్చును. కాని ఆ గెలుపు అర్థమేమి? అట్టి నిబంధన చేయుటకు ప్రభుత్వశాఖకు అధికారము కలదని న్యాయస్థానము చెప్పినది. చేయు అధికారము గలవానికి, విధి ప్రకారము నడచినచో, మార్చు అధికారమును కలదు. విద్యార్థికి హక్కు కలదని ఎవ్వరును చెప్పలేదు. ఒక శాఖ కలముతో నిచ్చిన దానిని ఆ శాఖయే కలముతో కొట్టివేయవచ్చును. మా రైతు తన పొలమును తాకట్టు పెట్టినది ఆ కలముపై నమ్మకముతో!

ఇక అప్పు లెక్క చూడుడు. బ్యాంకుల సంఘము ఏర్పరచిన నమూనా విద్యాఋణ పథకము ప్రకారము 7.5 లక్షల రూపాయలకు మించిన అప్పునకు ఆస్తి జామీను కావలెను. చదువు కాలమును, ఆపైన ఒక సంవత్సరమును గడచిన పిమ్మట వాయిదాలు మొదలగును. అనగా ఓపీటీ మొదటి సంవత్సరము ముగియు నాటికి బ్యాంకువాడు వాకిట నిలుచును. ఆ సంవత్సరములో విద్యార్థి మొత్తము 90 దినములకు మించి పని లేక యుండరాదు. పొడిగింపు దొరకినచో ఆ లెక్క మొత్తము మీద 150 దినములు. దినములు మీరినచో ఆ దేశమున నిలుచు అర్హత పోవును. మన యింట పొలమునకు గడువు, అచ్చట పిల్లవానికి గడువు. రెండు గడువుల నడుమ ఆ కుటుంబము.

ఓపీటీ తరువాత హెచ్-1బీ దొరకునని చెప్పుదురు. దానికి ఏటేట పరిమితి 65,000. అమెరికాలో ఉన్నత పట్టము పొందినవారికి మరి 20,000. 2026 ఆర్థిక సంవత్సరమునకు అర్హములైన దరఖాస్తులు 3,43,981 రాగా ఎంపికయైనవి 1,20,141 మాత్రమే. 2025 సెప్టెంబరులో ఆ దేశాధ్యక్షుడు క్రొత్త హెచ్-1బీ అర్జీలపై లక్ష డాలర్ల రుసుము విధించుచు ప్రకటన చేసెను. దేశములోనే యుండి విద్యార్థి వీసానుండి మారువారికి అది వర్తింపదని అక్టోబరులో వివరణ వచ్చెను. ఆ నడుమ నెలదినములు మన యిండ్లలో ఎందరికి నిద్ర పట్టలేదో పాఠకులకు చెప్పనక్కర లేదు.

ఈ విషయము కొలదిమందికి చెందినది కాదు. 2024-25 విద్యాసంవత్సరమున అమెరికాలో లెక్కకు వచ్చిన భారతీయ విద్యార్థులు 3,63,019 మంది. వారిలో 1,43,740 మంది ఓపీటీపై నున్నవారే. అనగా ప్రతి అయిదుగురిలో ఇంచుమించుగ ఇద్దరు తరగతి గదిలో లేరు, పనిలో నున్నారు. విద్యార్థులని మనము పిలుచుచున్న వారిలో ఇంత భాగము నిజమునకు శ్రామికులు. శ్రామికునికి కావలసిన రక్షణ వారికి లేదు. విద్యార్థికి ఉండవలసిన నిశ్చింతయు లేదు.

బ్రిటను చరిత్రమును ఇదే పాఠమును చెప్పుచున్నది. అచ్చట చదువు ముగిసిన తరువాత రెండేండ్లు పని చేసికొను వీసాను 2012 ఏప్రిలులో తీసివేసిరి. తొమ్మిదేండ్లకు, 2021 జులైలో, తిరిగి రెండేండ్ల గడువు నిచ్చిరి, పరిశోధకులకు మూడేండ్లు. విశ్వవిద్యాలయములకు విదేశీ రుసుములు కావలసి యుండెను. పిమ్మట ఆ దేశమున వలసలపై ప్రజల కోపము పెరిగెను. 2025లో మరల గడువును కుదింప నిశ్చయించి, 2027 జనవరి 1 నుండి దరఖాస్తు చేయువారికి 18 మాసములే యని ప్రకటించిరి. పరిశోధకుల గడువును మాత్రము ముట్టలేదు. వాకిలి తెరచుట, మూయుట, మరల తెరచుట, సగము మూయుట - ఇందులో ఏ యొక్క పర్యాయమును మన సమ్మతి అడిగినవారు లేరు.

ఇట్లయిన మార్గమే లేదా? కలదు. ఆస్ట్రేలియాను చూడుడు. 2024 జులైలో ఆ ప్రభుత్వమును విదేశీ పట్టభద్రుల గడువులను కుదించెను. కాని భారతీయ పట్టభద్రుల గడువులను కుదింపలేకపోయెను. మాస్టర్సు పట్టభద్రునికి మూడేండ్లు, డాక్టరేటు పొందిన వానికి నాలుగేండ్లు నిలిచియుండెను. కారణమేమి? 2022 డిసెంబరు 29న అమలులోనికి వచ్చిన భారత - ఆస్ట్రేలియా వాణిజ్య ఒడంబడికలో ఆ గడువులు వ్రాయబడి యుండెను. వయస్సు విషయము అట్లు రక్షింపబడలేదు. కావున పరిమితిని 35 ఏండ్లకు దించినప్పుడు ఆ దెబ్బ మనవారికిని తగిలెను. పాఠము ఇంతకంటె స్పష్టముగ నుండునా? ఒడంబడికలో వ్రాసినది నిలిచినది, వ్రాయనిది పోయినది. బ్రిటనుతో మన దేశము 2025 జులై 24న పెద్ద వాణిజ్య ఒడంబడికపై సంతకము చేసెను. సరకులపై సుంకములు చర్చించిరి, ఉద్యోగుల సాంఘిక భద్రతా చందాల సంగతి తేల్చిరి. పట్టభద్రుల గడువు మాత్రము దానికి వెలుపలనే మిగిలెను. వస్త్రములకు దొరకిన పూచీ విద్యావంతులకు దొరకలేదు.

ఇచ్చట న్యాయముగ ఒక మాట చెప్పవలెను. తన దేశమున తన బిడ్డలకు పని దొరకవలెనని కోరుట ఏ జాతికైనను నేరము కాదు. స్వదేశీ దీక్ష పట్టిన మనము ఆ కోరికను నిందింపరాదు. ఓపీటీపై నున్న విద్యార్థికిని, వాని యజమానికిని, సాధారణముగ మొదటి అయిదేండ్లు సాంఘిక భద్రతా పన్ను పడదు. అందువలన యజమానులు తమను కాదని వీరిని చౌకగా చేర్చుకొందురని అమెరికా యువకులు వాపోవుచున్నారు. ఆ వాదమున కొంత సత్యము లేకపోలేదు. కాని రెండవ వైపును చూడవలెను. ఆ పని గడువును చూపియే విశ్వవిద్యాలయములు మన వారిని ఆకర్షించి రుసుములు రాబట్టుచున్నవి. సరకు చూపి సొమ్ము పుచ్చుకొనిన వర్తకుడు మధ్యలో సరకు మార్చిన దానిని వ్యవహారములో ఏమందురో అందరికి తెలియును. రాబోవువారికి ఏ నియమము పెట్టినను పెట్టుకొననిండు; ఇదివరకే చేరి రుసుము కట్టినవారికి చేరిననాటి నియమమే వర్తింపవలెను. ఇది దయ కాదు, న్యాయము.

పరుల తప్పు చూపి మన తప్పును దాచుకొనరాదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ విశ్వవిద్యాలయము బూటకమని తేలినప్పుడు చిక్కుకొనిన వారిలో తెలుగు బిడ్డలే అధికులు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు తగిలించిరి. 2019 జనవరిలో మిషిగను రాష్ట్రమున ఫార్మింగ్టను విశ్వవిద్యాలయము పేరిట సుమారు 130 మందిని నిర్బంధించిరి. వారిలో ఇంచుమించుగ అందరును భారతీయులే, పెక్కుమంది తెలుగువారు. ఆ విశ్వవిద్యాలయమున బోధకులు లేరు, తరగతులు లేవు. వలస శాఖాధికారులే మారువేషమున దానిని నడిపిరి. తెలిసియే చేరిరని ప్రభుత్వము, మోసపోయితిమని విద్యార్థులు వాదించిరి. ఎవరి వాదము ఎట్లున్నను, అచ్చట అమ్ముడుపోయినది చదువు కాదు, పని చేసికొను అనుమతి. ఆ బేరములో దళారులుగా నిలిచినవారు మనవారే యని చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది.

దుబాయి ప్రయాణములలో "ఆజాద్ వీసా" యను మాట నమ్మి చెడిన కుటుంబములు మా తాలూకాలో ఎన్నియో కలవు. ఆ కష్టము తెలిసియే 1983 నాటి వలసల చట్టము కూలీలను పంపు ఏజెంట్లు రిజిస్టరు కావలెనని, ధరావతు కట్టవలెనని విధించెను. దానికి మారుగ క్రొత్త చట్టము చేయుటకు 2025లో ముసాయిదా వెలువడెను. కాని 1983 చట్టము ఉద్యోగమునకు పోవువారిని గూర్చినది. చదువునకని పోవువాడు దాని నీడ లోనికి రాడు. ఎడారిలో ఇటుకలు మోయబోవు వానికి పేరుకైనను చట్టమున్నది. లక్షలు అప్పుచేసి పోవు పట్టభద్రునికి అదియును లేదు. పంజాబు రాష్ట్రము 2012లో చేసిన చట్టమున వీసా సలహాదారులు, ఆంగ్ల పరీక్షల శిక్షణాలయములవారు సైతము లైసెన్సు పొందవలెనని నిర్ణయించెను. ఆ చట్టము అమలు ఎంత బిగువుగ జరిగినదను ప్రశ్న వేరు, మార్గమైనను చూపినది.

కావున మేము కోరునది నాలుగు విషయములు. మొదటిది: కేంద్ర ప్రభుత్వము ఏ దేశముతో వాణిజ్య ఒడంబడిక చేసికొనినను, పట్టభద్రుల పని గడువును, చేరిననాటి నియమమే వర్తించునను షరతును అందు వ్రాయింపవలెను. రెండవది: రాష్ట్ర ప్రభుత్వము విదేశ విద్యా కన్సల్టెన్సీలన్నిటికి లైసెన్సు, ధరావతు, వ్రాతపూర్వకమైన రసీదు విధించు చట్టము చేయవలెను. అంబేడ్కరు, పూలే విదేశ విద్యానిధుల క్రింద 20 లక్షల రూపాయల వరకు సహాయము నిచ్చు ప్రభుత్వమునకు, ఆ ధనము ఏ ద్వారమున పోవుచున్నదో చూచుట ధర్మమే గదా. మూడవది: పొలము జామీనుగా తీసికొను బ్యాంకు, పని గడువు హక్కు కాదను సంగతిని తెలుగులో వ్రాసి, చదివి వినిపించి, పిమ్మటనే సంతకము తీసికొనవలెను. నాలుగవది మన చేతిలోనిది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసిన నాటినుండి తెలంగాణమున పఠనాలయమనగా ప్రజల కన్ను. ప్రతి పఠనాలయమున ఒక పలకపై ఆయా దేశముల గడువులు, అవి మారిన తేదీలు వ్రాసి యుంచుట కష్టము కాదు. చదువుకొనిన వారు ఈ సేవకు వారమునకొక గంట ఈయలేరా?

"పిల్లలను పంపనే వద్దందురా?" అని కొందరు అడుగుదురు. మేమట్లు అనము. బోధనులో నిజాం చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతబడినది మొదలు ఈ సీమ యువకులకు దగ్గరలో పని యేదియని అడిగినచో మా యొద్ద మంచి సమాధానము లేదు. ఇంట పని కల్పింపక, బయటికి పోవువానిని నిందించుట దేశభక్తి కాదు. విద్యకై సముద్రములు దాటుట గౌరవమే. కాని మన బిడ్డలు అచ్చట యాచకుల వలె కాక, ఒడంబడిక గల జాతి బిడ్డల వలె నిలువవలెను.

వచ్చు పంట కోతలనాటికి మరల కొందరు తండ్రులు దస్తావేజులతో మా గుమ్మమెక్కుదురు. అప్పుడైనను "ఉంటదట" యను మాటకు బదులుగ "ఉన్నది, ఇదిగో వ్రాత" అని వారు చెప్పగలుగుదురు గాక.