నీళ్ళలోని గేదె బేరం

గడచిన నెల సంఘ సమావేశం ముగిసిన పిమ్మట మన కుఱ్ఱవాడొకడు మా చెంత కూర్చుండి, సెల్‌ఫోనులో ఒక చేతిగడియారం బొమ్మ చూపినాడు. "చిన్నాయనా! ఈ రకం ఇక చేయరట. రేపటికల్లా సొమ్ము పంపకపోతే వేరొకరికి ఇచ్చేస్తాడట" అన్నాడు. సొమ్మంటే ఇంటిస్థలానికని ఆరేండ్లుగా కూడబెట్టినది.

ఆ గడియారం జెనీవాలోని పటేక్ ఫిలిప్ వారి నాటిలస్. జెరాల్డ్ జెంటా అనే ఆయన ఓడ కిటికీని తలచుకొని గీసిన రూపు. 1976లో మొదట వచ్చింది. మనవాడు కోరిన 5711 రకం 2006లో వెలువడింది. ఉక్కుదే, బంగారం కాదు. 2021లో దానిని మానివేశారు. అంతటితో, చేతులు మారే సరుకు ధర దుకాణపు ధరకు మూడింతలు దాటింది. 2022 మొదట్లో శిఖరమెక్కి, ఆ ఏడే దిగజారింది. శిఖరాన కొన్నవారి సంగతి చదువరులే ఊహించుకోగలరు.

మానివేసినంత మాత్రాన బాగుచేసే దిక్కుండదన్న భయమూ అక్కరలేదు. 1839 మొదలు తాము చేసిన ఏ గడియారాన్నయినా బాగుచేస్తామని ఆ సంస్థవారే చెబుతున్నారు. ఇక తొందర దేనికి?

మేము అడిగినవి నాలుగే. ధ్రువపత్రంలోని అంకెలూ, కేసు మీదా యంత్రం మీదా ఉన్న అంకెలూ సరిపోయినవా? మెఱుగు పెట్టించి అంచులు అరగదీశారా? లోపలి భాగాలు మార్చి ఉంటే రసీదు ఏదీ? పైదేశం నుంచి తెచ్చినదైతే సుంకం కట్టిన కాగితం ఏదీ? కాగితాలు మనమే చూసుకోవచ్చు. మిగిలినవి తేలాలంటే పని తెలిసిన వాచీ మేస్త్రి మూత విప్పి చూడాలి.

మనవాడు ఆ మాటే వ్రాసినాడు. "ముందు సొమ్ము, విప్పడం తరువాత" అని బదులు వచ్చింది. గేదెను నీళ్ళలో ఉంచి బేరమాడడమంటే ఇదే గదా! కొనవద్దని మేమనలేదు. కష్టార్జితంతో ముచ్చట తీర్చుకోవడం తప్పు కాదు. గేదెను గట్టెక్కించి, నాలుగు కాళ్ళూ చూసి కొనమన్నాం, అంతే.

ఇంటిస్థలం సొమ్ము బ్యాంకులోనే ఉన్నది. 'రేపటికల్లా' అన్న గడువు దాటి మూడు వారాలయింది. ఆ గడియారం ఇంకా అమ్మకానికే ఉన్నదట.