కరవుసీమయు, స్వదేశ నౌకానిర్మాణమును

అనంతపురము జిల్లావారికి ఓడలతో నేమి పని యని మా చదువరులలో కొందరు నవ్వుకొనవచ్చును. ఏటికి సగటున 550 మిల్లీమీటర్ల వానకు మించి యెరుగని మెట్టసీమ యిది. సముద్రము 250 కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్నది. పెన్న యిసుకలో చెలమ త్రవ్వి కడవెడు నీరు తోడుకొను ఇల్లాలికి ఓడ యనగా కథలో విన్న మాటయే. అయినను పఠనాలయములోని దేశపటము ముందు ఒక్క క్షణము నిలిచి, మనము తినుటకు బయటినుండి వచ్చున దేదో, మనము పండించి బయటికి పంపున దేదో లెక్కవేసి చూచినచో ఈ నవ్వు నిలువదు. రేవునకు దగ్గరివాడు ఎట్లో గడుపుకొనును. కరవుసీమవాడు గింజ తెచ్చుకొనునప్పుడును బాడుగ చెల్లించును, పంట అమ్ముకొనునప్పుడును బాడుగ చెల్లించును. ఆ బాడుగ ఎవరి చేతికి పోవుచున్నది? ఓడల పరిశ్రమలోని అసలు ప్రశ్న యిదియే.

ధాత సంవత్సరపు కరవును తలచుకొందము. 1876 మొదలు 1878 వరకు చెన్నరాజధానిని కాల్చివేసిన ఆ కరవులో మిక్కిలి నలిగినవారిలో బళ్లారి మండలమువారొకరు. మన తాలూకాలు పెక్కు అప్పుడు బళ్లారిలోనివే. అనంతపురము ప్రత్యేక జిల్లా యైనది 1882లో. బంగాళమునుండి ఓడలమీద వచ్చిన బియ్యము చెన్నపట్నపు సముద్రతీరమున బస్తాల గుట్టలుగా పడియుండెను. అచ్చటినుండి తాడిపత్రి, గుత్తుల మీదుగా రాయచూరునకు రైలుదారి 1871 నాటికే పూర్తియై యుండెను. ఓడయు వచ్చెను, రైలును వచ్చెను, బియ్యమును వచ్చెను. కొనుటకు కూలివాని చేత కాసు లేదు. ధరను అదుపుచేయుటకు దొరతనమువారికి మనసు లేదు. అదే యేండ్లలో ఈ దేశపు గోధుమలు ఓడలకెక్కి యూరపునకు పోవుచునే యుండెను. ఓడలు మనవై యుండినచో ఆ చావులన్నియు తప్పెడివని మేమనము, అట్లనుట అతిశయోక్తి. ఆకలిగొన్న దేశమునుండి గింజ నెత్తుకొనిపోవు ఓడ ఎవరి యాజ్ఞకు లోబడి నడుచునో మాత్రము ఆ కరవు చూపినది.

పిమ్మట మన చేలలోనికి వేరుసెనగ వచ్చినది. ఇరువదవ శతాబ్దపు మొదటి దశాబ్దములలో తూర్పుతీరపు రేవులనుండి ఆ గింజ ఫ్రాన్సుదేశములోని మార్సేల్సు పట్టణమునకు పోయి, అచ్చట నూనెయు సబ్బును అయ్యెను. మార్సేల్సు ధరలోనుండి ఓడబాడుగయు, భీమాయు, దళారుల పాళ్లును పోగా మిగిలినదే రైతు చేతికి వచ్చెను. అటునుండి బియ్యము: రెండవ ప్రపంచయుద్ధమునకు పూర్వము బర్మానుండి ఈ దేశమునకు ఏటేట పదిలక్షల టన్నులకు మించి సముద్రముమీద వచ్చుచుండెను. 1942 మార్చిలో రంగూను జపానుసేనల వశమగుటతో ఆ దారి ఒక్కసారిగా మూసికొనిపోయెను. మెట్టసీమలో రాగిసంకటి తినువాని యింటను బియ్యపు ధరతో పాటు రాగుల ధరయు పెరిగినదనిన, సముద్రము మనకెంత దగ్గరనున్నదో చదువరులే గ్రహింపవచ్చును.

మనవారికి ఓడ కట్టు విద్య తెలియక యీ గతి పట్టినదా? శాతవాహనుడైన యజ్ఞశ్రీ శాతకర్ణి నాణెములమీద రెండు తెరచాపకొయ్యల ఓడబొమ్మ కలదు. కాకతి గణపతిదేవుడు మోటుపల్లిరేవు వర్తకులకు అభయశాసన మిచ్చెను. ఇవి సభలలో తరచు వినబడు మాటలే, ఇంతకంటె సాగదీయము. దగ్గరి కాలపు సాక్ష్యము ఇంకను బలమైనది. పదునేడవ శతాబ్దమున నరసాపురము, మాధవాయిపాలెముల వద్ద ఇంగ్లీషు వర్తకులే తెలుగు వడ్రంగులచేత తమ ఓడలను కట్టించుకొనిరి. గోదావరిముఖమున కోరంగి ఓడలకు పుట్టినిల్లు. ఆ రేవునుండి సముద్రము దాటిపోయిన తెలుగువానిని బర్మాలో ‘కోరంగీ’ యనియే పిలిచిరి. 1789లో నొకటి, 1839లో నొకటి ఘోరమైన తుపానులు ఆ యూరిని ముంచెను. గోదావరి ఒండ్రు రేవును పూడ్చెను. పడమటితీరమున బొంబాయిలో వాడియా వంశపు పార్శీశిల్పులు ఇంగ్లీషు నౌకాదళమునకే యుద్ధనౌకలు కట్టియిచ్చిరి. వారు 1817లో టేకుకొయ్యతో కట్టిన ‘ట్రింకోమలీ’ ఇంగ్లండులోని హార్టుల్‌పూలు రేవున నేటికిని తేలుచున్నది! ఇట్టి పనివారుండియు పరిశ్రమ యెట్లు చచ్చినది? భారతదేశమున కట్టిన ఓడలకును, వానిపై పనిచేయు కళాసీలకును ఇంగ్లండు చట్టములు అడ్డుకట్టలు వేసెను. అంతలో కొయ్య పోయి ఇనుము వచ్చెను, తెరచాప పోయి ఆవిరియంత్రము వచ్చెను. ఇనుమును, యంత్రమును, మూలధనమును ఒకచోట కూర్చుట ప్రభుత్వపు అండ లేనిదే సాధ్యమగు పని కాదు. మనకు ఆ యండ లేదు.

అండ యున్నచో నేమగునో జపాను చూపినది. 1893లో జపాను ఓడలకంపెనీ యొకటి బొంబాయికి ప్రత్తికొరకు ఓడలు నడుపసాగెను. జంషెడ్జీ టాటాగారు దానితో చేయి కలిపి తామును ఓడలు తిప్పిరి. ఇంగ్లీషు కంపెనీలు బాడుగను నామమాత్రపు ధరకు దించివేసెను. టాటాగారి ఓడలు అనతికాలముననే నిలిచిపోయెను. జపాను ఓడలు నిలువలేదు. వానివెనుక వారి ప్రభుత్వపు ఖజానా యుండెను. 1896లో జపాను ప్రభుత్వము తమ దేశమున ఓడ కట్టినవారికి టన్నుకింత యని ధనసహాయమిచ్చు శాసనము చేసెను. 1905లో సుషిమా సముద్రయుద్ధమున రష్యా నోడించిన టోగో సేనాపతి యెక్కిన ‘మికాసా’ ఇంగ్లండున కట్టినదే. ఆ గెలుపునకు ఆసియా యంతయు పులకించినది గాని, పరుల యార్డులో కట్టిన ఓడయని జపానువారు మాత్రము మరువలేదు. కొలది యేండ్లకు ‘కాంగో’ యను మహాయుద్ధనౌకను ఇంగ్లండునకు ఆర్డరిచ్చి, దాని చిత్తరువులను పట్టుకొని తక్కిన మూడు జతనౌకలను స్వదేశముననే కట్టుకొనిరి. 1913 తరువాత అట్టి పెద్ద యుద్ధనౌకలకు వారు పరదేశపు గడప తొక్కలేదు. ఇంగ్లండు 1906లో ‘డ్రెడ్‌నాట్’ను ఇంచుమించు ఒక్కయేటిలో కట్టి లోకమును బెదరించిన కాలమది. వర్తకనౌకల కర్మాగారము లేనిదే యుద్ధనౌకల కర్మాగారము నిలువదని అప్పటికే తెలివిగల ప్రతిరాజ్యమును ఎరిగియుండెను.

ఆ 1906లోనే తూత్తుకుడిలో వి.ఓ. చిదంబరం పిళ్లెగారు స్వదేశీ పొగయోడల కంపెనీని స్థాపించిరి. ‘గాలియా’, ‘లావో’ యను రెండు ఓడలను తెప్పించి కొలంబోకు నడిపిరి. ఎదిరిపక్షమైన బ్రిటిషిండియా కంపెనీ మొదట ఛార్జీ తగ్గించెను. పిమ్మట ఉచితముగనే యెక్కించుకొని, పైపెచ్చు గొడుగు బహుమానమిచ్చెనని చెప్పుకొందురు. 1908లో పిళ్లెగారిని ప్రభుత్వము చెరలో వేసెను. 1911 నాటికి కంపెనీ మూతపడెను. బాడుగ యుద్ధమున సగము, చెరసాలతో సగము, ఆ సాహసము అంతరించెను. చిన్నవాటాదారులు పోగొట్టుకొన్న సొమ్మునకు లెక్క లేదు.

1919 ఏప్రిలు 5వ తేదీన సింధియా కంపెనీవారి ‘లాయల్టీ’ బొంబాయినుండి లండనునకు బయలుదేరెను. ఆ దినమునే మనము జాతీయ నౌకాదినముగా జరుపుకొనుచున్నాము. వాల్‌చంద్ హీరాచంద్, నరోత్తం మొరార్జీ ప్రభృతులు నెలకొల్పిన ఆ కంపెనీ 1923లో ఇంగ్లీషు కంపెనీలతో పదియేండ్ల ఒడంబడికకు తలయొగ్గవలసివచ్చెను. తీరవర్తకమునకే కట్టుబడి, ఓడల పరిమాణమునకు హద్దు నంగీకరించవలసివచ్చెను. తీరవర్తకమును దేశీయుల ఓడలకే కేటాయింపవలెనని హాజీగారు 1928లో కేంద్రశాసనసభలో బిల్లు తెచ్చిరి. తన తీరమున తన ఓడలు నడుపుకొందుమని కోరుట ఇతరదేశములలో సామాన్యధర్మము. ఇచ్చట మాత్రమది పక్షపాతమని దొరలు గగ్గోలు పెట్టిరి!

ఓడ నడుపుట ఒక యెత్తు, కట్టుట ఒక యెత్తు. సింధియావారు కలకత్తాలో స్థలము కోరిరి, దొరకలేదు. మధ్యరాష్ట్రముల మాంగనీసును విదేశములకు పంపుటకై త్రవ్విన విశాఖపట్నపు క్రొత్తరేవులోనికి 1933లో మొదట ప్రవేశించిన ప్రయాణికుల ఓడ సింధియావారి ‘జలదుర్గ’యే. 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాదుగారు విశాఖలో ఓడల కర్మాగారమునకు శంకుస్థాపన చేసిరి. యుద్ధమునకు ఓడలు చాలక ప్రపంచమంతయు గగ్గోలుపడుచున్న దినములవి. ఆస్ట్రేలియాలో ప్రభుత్వమే పూనుకొని ఓడలు కట్టించుచుండగా, ఇచ్చటి ప్రభుత్వము దీనిని యుద్ధావసరమైన పరిశ్రమగా నైనను ఎంచలేదు. 1942 ఏప్రిలు 6న జపాను విమానములు విశాఖపై బాంబులు వేసెను, పని నిలిచెను. యుద్ధానంతరము మరల కూడదీసికొని కట్టిన ఎనిమిదివేల టన్నుల ‘జలఉష’ను 1948 మార్చి 14న జవహర్‌లాల్ నెహ్రూగారు నీట దింపిరి. స్వతంత్రభారతమున కట్టిన మొదటి పెద్ద పొగయోడ తెలుగుతీరమున తెలుగు కార్మికుల చేతులమీదుగా సముద్రమును తాకినది. అనంతపురమునకు ఇంజనీరింగు కళాశాల తరలివచ్చినదియు ఆ 1948లోనే యని ఒక్కమాట గుర్తుచేయుచున్నాము. దీని ప్రసక్తి మరల వచ్చును.

పిమ్మటి చరిత్ర మేము సంతోషముతో వ్రాయజాలము. 1952లో కర్మాగారము హిందుస్థాన్ షిప్‌యార్డుగా మారి, 1961 నాటికి పూర్తిగా ప్రభుత్వపు సొత్తయ్యెను. మన ఇల్లూరిలో పుట్టిన నీలం సంజీవరెడ్డిగారు 1966లో కేంద్రమున రవాణా, నౌకాయానశాఖల మంత్రిగా నుండిరి. ఉక్కును యంత్రములును పరదేశమునుండి తెచ్చుకొనుట, ఆర్డర్లు ఒక యేడు వచ్చి ఒక యేడు రాకపోవుట, ఓడ అప్పగింతలో ఆలస్యము, ఈ మూడును ఒకదానినొకటి పెంచుకొనిపోయెను. కొరియాదేశపు ఉల్సానులో ఓడల కర్మాగారమునకు పునాది తీసినది 1972లో, అనగా ‘జలఉష’ నీట దిగిన ఇరువదినాలుగేండ్లకు. 1974లో వారు రెండులక్షల అరువదివేల టన్నుల చమురునౌకలను కట్టి ఇచ్చిరి! అచ్చటి కార్మికుడు మనవానికంటె తెలివిగలవాడని చెప్పువారిని మేము నమ్మము. అచ్చట ప్రభుత్వము అప్పులకు హామీ నిలిచెను, ఉక్కుకర్మాగారమును ప్రక్కనే లేపెను, ఏటేట పని చూపెను. ఇచ్చట ఓడ కట్టువారికిచ్చు సహాయమును 2007లో ఆపి, 2016లో తగ్గించి మరల మొదలిడిరి. నడుమ తొమ్మిదియేండ్లు యార్డులు ఏమి తిని బ్రతుకవలెను? నేడు లోకమున తయారగు ఓడలలో నూటికి తొంబదికి మించి చీనా, కొరియా, జపానులవి. మనది నూటికి ఒకటియైన లేదు.

విశాఖ కర్మాగారము 2010లో రక్షణశాఖ క్రిందికి పోయినది. ‘ధ్రువ’, ‘నిస్తార్’ వంటి నౌకలను నౌకాదళమున కిచ్చినది. అయిదు పెద్ద సరఫరానౌకల పని 2024లో మొదలైనది. ఇది మెచ్చుకొనదగినదే. కాని బియ్యము, ఎరువు, నూనె మోయు ఓడలు యుద్ధనౌకలు కావు. మన రైతు విత్తునకు వేయు పొటాషు యావత్తును పరదేశమునుండి ఓడపై వచ్చుచున్నది. దేశమునకు కావలసిన వంటనూనెలో సగమునకు పైగా సముద్రముమీదనే వచ్చి, మన వేరుసెనగనూనెతో పోటీపడుచున్నది. 2023 చివర ఎర్రసముద్రమున ఓడలపై దాడులు మొదలుకాగా, ఓడలు ఆఫ్రికా చుట్టి పోవలసివచ్చి బాడుగలు పెరిగెను. 1942 రంగూను పాఠము మరల వచ్చినట్లే. ఇక నెగుమతి సంగతి: రాయదుర్గపు దాపున ఓబుళాపురము కొండల ఇనుపరాయి, 2009 తరువాత త్రవ్వకములు నిలిచిపోవువరకు, ఓడలకెక్కి చీనాకు పోయినది. ఓడలకు కావలసిన ఉక్కు మన కొండలోనుండియే రాయిగా పోయి, చీనాఓడలు మన సరకులకు బాడుగ వసూలు చేయుచున్నవనిన, ఇంతకంటె చోద్యమేమి కలదు? పెనుకొండవద్ద 2019 నుండి తయారగుచున్న కొరియాకంపెనీ కారులును విదేశములకు ఓడలమీదనే పోవుచున్నవి.

2025 సెప్టెంబరున కేంద్రప్రభుత్వము నౌకానిర్మాణమునకై 69,725 కోట్ల రూపాయల పథకమును ఆమోదించినది. నెల్లూరుతీరమున దుగరాజపట్నము వద్ద క్రొత్త యార్డుల ప్రస్తావనయు వచ్చినది. 1626 ప్రాంతమున ఇంగ్లీషు కంపెనీ తూర్పుతీరమున మొదట కోట కట్టుకొన్న ఆర్మగాము ఆ యూరే. మొత్తము పెద్దదే, కాని డబ్బు గోడలకును క్రేనులకును పోయి, ఓడల ఆర్డర్లు రాకపోయినచో అదియు 2007 కథయే యగును. ప్రభుత్వసంస్థలు దిగుమతి చేయు ఎరువు, చమురు, బొగ్గులలో నిర్ణీతభాగము పదియేండ్ల ఒడంబడికలతో స్వదేశమున కట్టిన ఓడలకే యియ్యవలెను. విశాఖలో యుద్ధనౌకల పనితో పాటు ఏటికిన్ని వర్తకనౌకలని ముందే లెక్కకట్టవలెను. అనంతపురపు ఇంజనీరింగు కళాశాల విద్యార్థులకు ఆ యార్డున శిక్షణస్థానములు కేటాయింపవలెను.

అనంతపురము, హిందూపురముల లోక్‌సభ సభ్యులు రాబోవు సమావేశమున ఈ మూడింటిని ప్రశ్నలుగా వేయవలెను. నీళ్లు, రైళ్లు అడుగు మన ప్రతినిధులు ఓడలమాట యెత్తుట వింతగా తోచినను వెనుదీయరాదు. మంత్రి యిచ్చు ప్రత్యుత్తరమును ఈ పుటలోనే అక్షరము వదలక ప్రకటింతుము.