లాలాగూడ కుర్చీ

2022 మార్చి 8న హైదరాబాద్ లాలాగూడ పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళా ఇన్‌స్పెక్టర్ ఎస్‌హెచ్‌ఓ కుర్చీలో కూర్చున్నారు. నగరంలో శాంతిభద్రతల ఠాణాకు మహిళ సారథ్యం వహించడం అదే మొదలు. దేశపు తొలి మహిళా ఐపీఎస్ అధికారి కిరణ్ బేడీ సర్వీసులో చేరింది 1972లో. కోజికోడ్‌లో దేశపు తొలి మహిళా ఠాణాను ఇందిరా గాంధీ ప్రారంభించింది 1973లో. లాలాగూడ దాకా రావడానికి అర్ధ శతాబ్దం పట్టిందన్నమాట!

తెలంగాణ సివిల్ పోలీసు నియామకాల్లో మహిళలకు 33 శాతం రిజర్వేషన్ ఉంది. మహిళలపై వేధింపులను అడ్డుకోవడానికి 2014లో మొదలైన పోలీసు బృందాలు షీ టీమ్స్‌కు మంచి పేరే వచ్చింది. అయినా 2022 ఆరంభానికి దేశ పోలీసు బలగంలో మహిళలు 12 శాతం లోపే.

చేరినవాళ్ల సంగతి? వీఐపీ బందోబస్తు రోజున తెల్లారకముందే రోడ్డు పక్కన నిలబడ్డ కానిస్టేబుల్ చేతిలో నీళ్ల సీసా ఉంటుంది. మూత తీయదు. తాగితే మరుగుదొడ్డి కోసం ఎక్కడికి పోవాలి? తమిళనాడు 2021లో ముఖ్యమంత్రి ప్రయాణించే దారుల్లో మహిళలను అలా నిలబెట్టవద్దని ఆదేశించింది. మంచి పనే. కానీ మహిళలను తప్పించడం కన్నా మొబైల్ టాయిలెట్ పెట్టడమే సరైన మందు. లేకపోతే ఆ సాకుతోనే రేపు పెద్ద డ్యూటీలూ, వాటితో ప్రమోషన్లూ చేజారతాయి.

ఈ సంచిక ఆ సీసా చుట్టూనే తిరుగుతుంది. ఖాకీ వేసుకునే పాఠకురాళ్లు తమ డ్యూటీ ముచ్చట్లు రాసి పంపాలని మనవి. పేరు వేయం.